బొమ్మ చెదరినపుడు ఎచట వెదుకవలెను?

గోదావరి తీరమున నివసించువారికి వానకాలమునందు టెలివిజను వినోదసాధనము మాత్రమే కాదు. భద్రాచలమువద్ద నదిమట్టము 43 అడుగులకు చేరినపుడు మొదటి హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని అధికారులు ప్రకటింతురు. 1986 ఆగస్టులో ఆ మట్టము 75.6 అడుగులకు ఎక్కినది; 2022 జూలైలో 71.3 అడుగులు దాకినది. అట్టి దినములలో భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెము మొదలు పర్ణశాల వరకు గల తీరగ్రామములవారు గంటగంటకు తెలిసికొనగోరునది ఆ ఒక్క అంకెయే. సరిగా ఆ వేళకే తెరమీది బొమ్మ చదరములు చదరములుగా విరిగి, మాట ముక్కలు ముక్కలై, చివరకు సిగ్నల్ లేదను వ్రాత ఒక్కటే మిగులుట చాల ఇండ్లవారికి తెలిసిన సంగతియే. ఎండకాలమున ఇట్టిది జరిగినచో ఒక సినిమా పోవును. వరదకాలమున జరిగినచో ఒక హెచ్చరిక పోవును.

కనుక కేబుల్ టెలివిజనులో బొమ్మ చెదరినపుడు గృహస్థు తానై ఏమి చూడవచ్చును, ఏది చూడరాదు, ఎప్పుడు కేబుల్ ఆపరేటరును పిలువవలెను అను విషయములను ఈ ప్రసంగమున విన్నవించుచున్నాము. మేము చెప్పబోవు మాట నిజమునకు ఒక్కటియే. దోషము సాధారణముగా యంత్రములో కాక అతుకులో ఉండును. ఆ అతుకును ఊహవలన కాక వరుసవలన కనుగొనవలెను. ఆ వరుస టెలివిజనునొద్ద ఆరంభమై వీధివైపు నడువవలెను గాని వీధినుండి ఇంటిలోనికి కాదు.

అతుకుల మాట వచ్చినపుడు దుమ్ముగూడెమునందలి పాత లాకులు మనకు మంచి దృష్టాంతము. పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లేయులు సముద్రతీరమునుండి మధ్యదేశమువరకు గోదావరిమీద పడవలు నడుపదలచి, రాతిబండలు అడ్డగించు తావులలో ఆనకట్టలను, కాలువలను, లాకులను కట్ట నారంభించిరి. అట్టి అడ్డంకులలో మొదటిది దుమ్ముగూడెమువద్దనే. ఇచటి పని చాలవరకు పూర్తి అయినది; ఎగువనున్న అడ్డంకులవద్ద పని పూర్తి కాలేదు. 1871లో ఆ పథకమునే విడిచిపెట్టిరి. ఒక లాకు ఎంత చక్కగా కట్టినను, దానికి పైనున్న దారి తెరువనిచో పడవ సాగదు. కేబుల్ దారియు ఇట్టిదే. నూరు అతుకులలో తొంబదితొమ్మిది బాగుండి ఒక్కటి చెడినను బొమ్మ ఇంటికి చేరదు.

ఆ దారి ఎట్టిదో మొదట చూతము. కార్యక్రమములను భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునగల ఉపగ్రహములు క్రిందికి పంపును. వానిని పెద్ద గొడుగు యాంటెన్నాలతో కేబుల్ సంస్థవారి ముఖ్యకేంద్రము గ్రహించును. అచటినుండి అవి కాంతిరూపమున సన్నని గాజుతీగలో పట్టణములకు, గ్రామములకు ప్రయాణము చేయును. ఊరిలో ఒక పెట్టె ఆ కాంతిని మరల విద్యుత్తరంగముగా మార్చును. అది నల్లని కేబులులో స్తంభమునుండి స్తంభమునకు పోవుచు, నీరసించిన చోటులందు ఆంప్లిఫైయరులవలన బలము పొందుచు, మన ఇంటి ఎదుటి విభాజకమునుండి ఒక కొమ్మగా గోడను దాటి లోనికి వచ్చును. లోపల స్ప్లిట్టరు ఉన్నచో మరల చీలి, సెట్ టాప్ బాక్సులో ప్రవేశించి, తుదకు మరియొక తీగద్వారా టెలివిజనును చేరును. కొన్ని ఊళ్లలో గాజుతీగయే ఇంటి గుమ్మమువరకు వచ్చుచున్నది. దారి ఏదైనను సూత్రము ఒక్కటే.

ఇచట ఒక చిన్న చరిత్ర చెప్పుట అవసరము, ఏలయన పాతకాలపు అనుభవమే నేడు మనలను తప్పుదారి పట్టించుచున్నది. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము 1977లో ఆరంభమైనది. టెలివిజను తరంగము ఇంచుమించు చూపువలె తిన్నగా పోవును. గుట్ట అడ్డము వచ్చినచో దాని వెనుక నీడ పడును. అందుచేత అడవిలోను, గుట్టల మాటునను ఉన్న పల్లెలలో వెదురుగడలకు యాంటెన్నాలు కట్టి అటు నిటు త్రిప్పినను తెరపై గసగసాలు చల్లినట్లు చుక్కలు కనబడెడివి. కేబుల్ వచ్చిన పిమ్మట ఆ బాధ తగ్గినది. 1995లో కేబుల్ టెలివిజను ప్రసారములను క్రమబద్ధము చేయు చట్టము వచ్చినది. 2012లో మహానగరములందు మొదలైన డిజిటలు మార్పు 2017 మార్చి నెలాఖరున గ్రామములకు నిర్ణయించిన గడువుతో ముగియవలసినదైనది. అప్పటినుండి ప్రతి టెలివిజనుచెంతను ఒక బాక్సు అవసరమైనది.

ఈ మార్పువలన రోగలక్షణమే మారినది. పూర్వపు పద్ధతిలో బలము తగ్గినకొలది బొమ్మ క్రమముగా మసకబారెడిది. చుక్కలు చూచి గృహస్థు ముందుగానే జాగ్రత్తపడెడివాడు. డిజిటలు పద్ధతిలో అట్లు కాదు. బలము ఒక మేరవరకు తగ్గినను బొమ్మ అద్దమువలె నిలుచును. ఆ మేర దాటిన వెంటనే ఒక్కసారిగా విరిగిపోవును. గట్టు అంచువరకు నడచువానికి నేల చదునుగానే ఉండును. మరియొక్క అడుగు వేసినచో లోయ. కావున నిన్నటివరకు బాగున్నది గదా, కేబుల్ దోషము కాదు, టెలివిజనే చెడినది అను తలపు సరికాదు. నిన్న అది అంచునందే నిలిచియున్నదేమో. రాత్రి కురిసిన జల్లు ఒక్క అతుకును తడిపినది, అంతే.

బలమును కొలుచు లెక్క కష్టమైనది కాదు. దానిని డెసిబెళ్లలో చెప్పుదురు. 3 డెసిబెళ్లు తగ్గినదనగా శక్తి సగమైనదని అర్థము. 10 తగ్గినచో పదవవంతే మిగిలినదని అర్థము. బాక్సునకు చేరు సిగ్నల్ ఆ కొలతలో సుమారు 50 నుండి 65 వరకు ఉండుట మంచిది. దానిని రెండుగా చీల్చు స్ప్లిట్టరు 4 వరకు తీసికొనును. నాలుగుగా చీల్చునది 7కు తగ్గక తీసికొనును. ఇండ్లలో వాడు మంచి కేబులు హెచ్చు పౌనఃపున్యములవద్ద నూరు మీటర్లకు సుమారు 20 తినివేయును. ఇక ఒక ఇంటిని ఊహింతము. గోడవద్ద 60 వచ్చినది. స్ప్లిట్టరులో 4 పోయి 56 మిగిలినది. ముందుగదికి పది మీటర్ల తీగ, 54 చేరినది, బొమ్మ దివ్యముగా ఉన్నది. వెనుకగదికి ఇరువది మీటర్ల తీగ, 52 చేరినది, అదియు మేలే. తరువాత మేడగదికొరకు వెనుకగదిలో మరియొక స్ప్లిట్టరు పెట్టి పదిహేను మీటర్ల తీగ లాగిరి, 45కు దిగినది. ఆ తీగ చాలక రెండు ముక్కలను చేతితో మెలిపెట్టి పలుచని టేపు చుట్టిరి. అచట మరి నాలుగైదు పోయినవి. ఇపుడు మేడమీద బొమ్మ విరుగును, క్రింద విరుగదు. ఇంటివారు మేడమీది టెలివిజనును నిందింతురు. అది నిర్దోషి.

పంటకాలువ చివరి పొలమువానికి ఈ లెక్క వేరుగ బోధింపనక్కరలేదు. తూము తెరచిన ప్రతివాడును కొంత నీరు తీసికొనును; గట్టు గండిపడిన ప్రతిచోట కొంత కారిపోవును; చివరివానికి మిగిలినది వచ్చును. కేబులులో తూము స్ప్లిట్టరు. గండి చెడిన అతుకు.

ఇక పరీక్షకు వత్తము. బొమ్మ చెదరిన వెంటనే తీగలను పీకుటకు ముందు ఒక ప్రశ్న వేయవలెను. పొరుగింటివారికి ఎట్లున్నది? అదే ఆపరేటరునొద్ద కనెక్షను తీసికొన్న రెండు మూడు ఇండ్లలోను బొమ్మ లేనిచో దోషము వీధిలోనిది. మన ఇంటిలో వెదుకుట వ్యర్థము. వారికి బాగుండి మనకే లేనిచో దోషము మన కొమ్మలోనిది. ఈ ప్రశ్నకు పైసా ఖర్చు లేదు. కాని దీనిని మరచి బాక్సును పట్టణమునకు మోసికొనిపోవువారు అనేకులు.

రెండవది, తెరమీది వ్రాతను చదువవలెను. చందా ముగిసినదనియో, ఆ ఛానలు మీ ప్యాకేజీలో లేదనియో వ్రాసియున్నచో అది సిగ్నల్ దోషము కాదు. సిగ్నల్ వచ్చినది కనుకనే బాక్సు ఆ సంగతిని చెప్పగలిగినది. బాక్సుయొక్క పట్టిక చక్కగా కనబడుచు ఛానళ్లు మాత్రము రానిచో బాక్సునకును టెలివిజనునకును నడుమనున్న తీగ మంచిదే. దోషము బాక్సునకు వెనుకనున్నది. పట్టికయు కనబడక తెర అంతయు నీలముగానో నల్లగానో ఉన్నచో, టెలివిజను వేరొక ద్వారమును చూచుచున్నదేమో రిమోటుపై సోర్సు మీట నొక్కి చూడుడు. పిల్లలు ఆ మీటను మార్చుటవలన కలుగు గాభరా సామాన్యమైనది కాదు.

మూడవది, ఏ ఛానళ్లు పోయినవో గమనింపవలెను. ఒక్కొక్క పౌనఃపున్యమున పది పదిహేను ఛానళ్లు కలసి ఒకే బండిలో ప్రయాణము చేయును. ఒక గుంపు ఛానళ్లు మాత్రము ఒక్కసారిగా పోయి తక్కినవి నిలిచినచో ఆ బండికే ఏదో అడ్డము వచ్చినదని గ్రహింపవలెను. పొడవైన తీగయు, తడిసిన తీగయు హెచ్చు పౌనఃపున్యములను ముందుగా మ్రింగును. కనెక్టరులోని మధ్యతీగ తెగి, కొస కొసకు తాకీ తాకక ఉన్నచో తక్కువ పౌనఃపున్యములు ముందుగా పోవును. హెచ్చువి ఆ చిన్న సందును దూకి పోగలవు. ఈ భేదమును ఆపరేటరుయొక్క మనిషికి చెప్పినచో అతని పని సగమగును. కనుక బొమ్మ రాలేదు అని మాత్రమే కాక, ఏయే ఛానళ్లు వచ్చుచున్నవో, ఏవి రాలేదో ఒక కాగితముమీద వ్రాసి యుంచుట మేలు.

నాలుగవది, ఏ వేళ పోవుచున్నదో చూడవలెను. వాన కురియుచున్నంతసేపు మాత్రమే పోయి, వాన వెలిసిన వెంటనే వచ్చునది ఆకాశమునందలి దోషము. ఇంటికప్పుమీద చిన్న గొడుగు పెట్టుకొన్నవారికి ఇది తఱచు. దట్టమైన వానచినుకులు ఉపగ్రహ తరంగములను మ్రింగివేయును. ఓపిక తప్ప మందు లేదు. వాన వెలిసినను బొమ్మ రాక, రెండు దినములు ఎండ కాసిన పిమ్మట వచ్చినచో నీరు అతుకులో చేరినదని నిశ్చయింపవచ్చును. అది ఎండి బాగుపడినట్లు తోచును గాని, లోపల రాగి పచ్చబారుచునే ఉండును. మరుసటి వానకు మరల పోవును. సాయంకాలము దీపములు వెలిగించు వేళకే పోవునది విద్యుత్తు బలము తగ్గుటవలన కావచ్చును. బాక్సునకు శక్తినిచ్చు చిన్న అడాప్టరు పాతబడినచో వోల్టేజి తగ్గినపుడు బాక్సు ఆగి ఆగి మరల మొదలగును. మిక్సీయో నీటిమోటారో తిరుగునపుడు మాత్రమే విరిగినచో, కేబులుమీది అల్లిక కవచము ఎచటనో తెగినదని అర్థము. సెల్ ఫోనుల తరంగములలో కొన్ని కేబుల్ వాడుకొను మేరలోనివే. కవచము తెగిన తావున అవియు లోనికి దూరును.

ఇంతవరకు చేతులు కదపక కన్నులతోను, చెవులతోను చేయు పరీక్ష. ఇపుడు చేతిపని. దీనికి నియమము ఒక్కటి: ఒక్కసారి ఒక్కదానినే మార్పుడు, మార్చిన వెంటనే బొమ్మను చూడుడు. నాలుగింటిని ఒకేసారి మార్చి బొమ్మ రప్పించినవాడు దేనివలన వచ్చినదో ఎరుగడు. మరుసటిసారి మరల నాలుగింటిని మార్చవలసినదే.

మొదట బాక్సుయొక్క ప్లగ్గును గోడనుండి తీసి, ఒక నిమిషము ఆగి, మరల పెట్టుడు. బాక్సు లోపలనున్నది ఒక చిన్న కంప్యూటరు. దానికి అప్పుడప్పుడు నిద్ర అవసరము. పిమ్మట బాక్సు పట్టికలో సిగ్నల్ వివరములు చూపు పుట కలదేమో వెదుకుడు. చాల బాక్సులలో బలము, నాణ్యత అను రెండు అంకెలు కనబడును. బలము హెచ్చుగా ఉండి నాణ్యత తక్కువైనచో నీరు చాలినంత ఉన్నను బురదగా ఉన్నదని అర్థము. చెడిన అతుకో, తెగిన కవచమో కారణము. రెండును తక్కువైనచో నీరే చాలలేదని అర్థము. బొమ్మ బాగున్న దినమున ఈ రెండు అంకెలను గోడ క్యాలెండరుమీద వ్రాసి యుంచినవారికి చెడిన దినమున పోల్చుటకు ఆధారము దొరకును.

తరువాత బాక్సు వెనుకనున్న కనెక్టరును చేతితో బిగింపుడు. వదులైన కనెక్టరే ఇండ్లలో మిక్కిలి సామాన్యమైన దోషము. దానిని విప్పి చూచినచో నడుమ రాగితీగ, దాని చుట్టు తెల్లని మెత్తని పొర, దానిపై వెండివన్నె రేకు, ఆపై సన్నని తీగల అల్లిక, అన్నిటిపై నల్లని తొడుగు కనబడును. మధ్యతీగ తళతళ మెరయవలెను. నల్లబడినను పచ్చబారినను అది పనికిరాదు. అది కనెక్టరు అంచునకు రెండు మూడు మిల్లీమీటర్లు ముందునకు రావలెను. మరి పొట్టియైనచో తాకదు. మరి పొడవైనచో బాక్సులోని గుంటను విరుచును. అల్లికలోని తలవెండ్రుక వంటి తీగ ఒక్కటి మధ్యతీగను తాకినను సిగ్నల్ అంతయు అచటనే అంతమగును.

దాని పిమ్మట చేయవలసినది అన్నిటికంటె విలువైన పరీక్ష. స్ప్లిట్టరును ప్రక్కకు తొలగించి, వీధినుండి వచ్చు తీగను తిన్నగా ఒక్క బాక్సునకు తగిలింపుడు. బొమ్మ వచ్చినదా, దోషము మన స్ప్లిట్టరులోనో, దాని తరువాతి తీగలలోనో ఉన్నది. రాలేదా, ఇంటిలోని పొరుగు గదిబాక్సును తెచ్చి అదే తీగకు పెట్టి చూడుడు. దానికి బొమ్మ వచ్చినచో మొదటి బాక్సు చెడినది. దానికిని రానిచో దోషము గోడకు వెలుపలనున్నది. ఇంతకంటె మనము చేయవలసినది లేదు, ఆపరేటరును పిలువవచ్చును. ఈ రెండు మార్పులతో దోషము ఇంటిదో, బాక్సుదో, వీధిదో తేలిపోవును.

స్ప్లిట్టరు విషయమున మరి రెండు మాటలు. రెండు టెలివిజనులున్న ఇంట నాలుగు దారుల స్ప్లిట్టరు పెట్టుట, ఎప్పుడైనను పనికివచ్చునని ముందుచూపువలె తోచును. కాని వాడని రెండు దారులకును పన్ను చెల్లించుచునే ఉందుము. అవసరమైనన్ని దారులది మాత్రమే పెట్టవలెను. ఖాళీ దారి ఉండక తప్పనిచో దానికి 75 ఓముల మూత బిగింపవలెను. లేనిచో అచటికి పోయిన తరంగము గోడకు తగిలిన బంతివలె వెనుకకు తిరిగివచ్చి మంచి తరంగమును చెరచును. పూర్వపు తెరలపై మనిషి ప్రక్క మనిషినీడ కనబడుటకు ఇట్టి ప్రతిఫలనములే కారణము. నేడు నీడ కనబడదు, బొమ్మయే విరుగును.

బలము చాలలేదని అంగడిలో ఆంప్లిఫైయరు కొనితెచ్చువారు కలరు. తొందరపడవలదని మా సలహా. బురదనీటికి మోటారు పెట్టినచో నీటితోపాటు బురదయు పైకి వచ్చును. చెడిన అతుకు తరువాత ఆంప్లిఫైయరు పెట్టినచో చెడిన బొమ్మ బలముగా చెడును. అతుకులన్నియు సరియైన పిమ్మటను దూరమువలననే బలము చాలనిచో, అపుడు ఆపరేటరుతో ఆలోచించి, స్ప్లిట్టరునకు తరువాత కాక ముందు దానిని పెట్టించుట సరియైన పద్ధతి. బలము మితిమీరినను బాక్సు తట్టుకొనలేదని గుర్తుంచుకొనవలెను.

కేబులును గోడకు కొట్టునపుడు మేకు దానిలోనుండి పోకుండ చూడవలెను. మూలలందు మడత పెట్టక గుండ్రముగా త్రిప్పవలెను. వ్రేలి లావు కేబులును జానెడు చుట్టులో వంచుట క్షేమము. గోడరంధ్రములో ప్రవేశించుటకు ముందు కేబులు ఒక జానెడు క్రిందికి వ్రేలాడి, మరల పైకి లేచి లోనికి పోవునట్లు చేయుడు. అపుడు వాననీరు తీగవెంట జారి, ఆ వ్రేలాడు చోటనే నేలకు బొట్లుబొట్లుగా రాలును. లేనిచో తీగవెంబడి తిన్నగా కనెక్టరులోనికి పోవును. ఇంటి చూరు నీటిని గోడకు దూరముగా విడుచునట్లే ఇదియు. ఉడుతలు, ఎలుకలు నల్లని తొడుగును కొరుకును. కోతులు తీగలు పట్టి ఊగును. కొరికిన తావు కనబడినచో టేపు చుట్టి ఊరకుండక ఆ ముక్కను మార్చుటయే మేలు. అతుకు పెట్టక తప్పనిచో చేతితో మెలిపెట్టక, రెండు కొసలకును కనెక్టరులు వేసి వానిని కలుపు చిన్న గొట్టమును వాడవలెను.

చేయదగిన పనులను చెప్పితిమి; చేయరాని పనులను అంతకంటె గట్టిగా చెప్పవలసియున్నది. ఊళ్లలో కేబుళ్లు తఱచు విద్యుత్ స్తంభములమీదుగానే పోవును. బొమ్మకొరకు స్తంభమెక్కుట ప్రాణాపాయము. ఆ పని గృహస్థుది కాదు. కనెక్టరును తాకినపుడు చేయి జివ్వుమన్నచో వెంటనే విడిచి, బాక్సు ప్లగ్గును తీసి, ఆపరేటరునకు తెలుపుడు. ఎచటనో విద్యుత్తు కేబుల్ కవచములోనికి దిగుచున్నది. ఉరుము వినబడినపుడే ప్లగ్గును, కేబులును రెంటిని విడదీయవలెను; ప్లగ్గు ఒక్కటి తీసిన చాలదు, పిడుగుయొక్క శక్తి కేబులు దారినను రాగలదు. గాజుతీగ ఇంటికి వచ్చినచోట దాని కొసను కంటికెదురుగా పెట్టి చూడరాదు. అందలి కాంతి కంటికి కనబడకపోయినను హాని చేయును. వరదనీరు ఇంటిలోనికి వచ్చు సూచన ఉన్నచో మెయిను స్విచ్చి ఆపి, బాక్సును అటకమీద పెట్టుడు. తడిసిన బాక్సును బాగుగా ఆరకముందు వెలిగింపరాదు. తడిసిన కేబులు కొసను తళతళ మెరయు రాగి కనబడువరకు కోసివేసి క్రొత్త కనెక్టరు వేయించుడు.

దోషము వీధిదని తేలిన పిమ్మట ఫిర్యాదు ఎట్లు చేయవలెననునదియు తెలిసియుండవలెను. త్రోవలో కనబడిన కుర్రవానితో ఒక మాట అనుట ఫిర్యాదు కాదు. సంస్థయొక్క ఫోను నంబరునకు చెప్పి, ఫిర్యాదు సంఖ్య అడిగి, తేదీతో వ్రాసికొనుడు. ఏ ఛానళ్లు పోయినవి, ఎప్పటినుండి, పొరుగిండ్లలో ఎట్లున్నది, స్ప్లిట్టరు తీసి చూచితిరా అను నాలుగు సంగతులు చెప్పినచో వచ్చు మనిషి తగిన పనిముట్లతో వచ్చును. అడవిదారిలో వానలో మోటారుసైకిలుమీద ఒకసారి వచ్చి, నిచ్చెన కొరకు మరల పోయి, కనెక్టరు కొరకు ఇంకొకసారి పోవలసిన శ్రమ అతనికిని తప్పును, మనకును తప్పును. అతడు నిచ్చెనమీద ఉన్నపుడు చేతిలో కొలతయంత్రము ఉన్నచో మన గోడవద్ద ఎంత బలము వచ్చుచున్నదో అడిగి ఆ అంకెను వ్రాసికొనుడు. సిగ్గుపడవలసిన పని లేదు. పాలవాని కొలత చూచుటవంటిదే ఇది.

ఈ పరీక్షలన్నిటికి సరియైన కాలము రోహిణి కార్తె. ఇంటికప్పు సరిచేసికొని, కట్టెలు లోపల పెట్టుకొను ఆ దినములలోనే ఒక సాయంకాలము కేబులువెంట కన్ను సారింపుడు. వదులైన కనెక్టరులను బిగించి, మెలిపెట్టిన అతుకులను మార్చి, గోడవద్ద తీగకు వంపు పెట్టి, బాక్సు చూపు రెండు అంకెలను వ్రాసి యుంచుడు. ఇది ఒక గంట పని. నది నలుబదిమూడు అడుగులకు ఎక్కిన రాత్రి ఈ గంట దొరకదు.

ఇంత చేసినను ఒక సత్యమును మరువరాదు. ముఖ్యకేంద్రమునందు, ఊరిలోని పెట్టెయందు, స్తంభముమీది ఆంప్లిఫైయరునందు, మన ఇంటియందు విద్యుత్తు ఉన్నపుడే కేబుల్ బొమ్మ నడచును. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటి ఆగినను బొమ్మ ఆగును. పెనుగాలికి చెట్టు కూలి తీగలు తెగిన రాత్రి ఇంటిలో మన అతుకులెంత చక్కగా ఉన్నను ప్రయోజనము లేదు. రేడియోకు మాత్రము ఇంటికి తీగయు అక్కరలేదు, స్తంభమును అక్కరలేదు. ప్రసారకేంద్రము పలుకుచుండిన చాలును, రెండు బ్యాటరీలతో అది మాటాడును. కొత్తగూడెమున ఆకాశవాణి కేంద్రము కలదు. మధ్యతరంగములపై దూరకేంద్రములును రాత్రివేళ వినవచ్చును. కావున టెలివిజనుకొరకు అతుకులను సరిచూచు ఆ సాయంకాలమే రేడియోను కూడ అటకమీదినుండి దింపి, పాత బ్యాటరీలు కారి లోపల పాడుచేయలేదని చూచి, క్రొత్తవానిని వేసి, ఏ అంకెవద్ద ఏ కేంద్రము పలుకునో చీటి వ్రాసి దానికి అంటింపుడు. ఆ చీటియు, కేబుల్ సంస్థవారి ఫోను నంబరును, బాక్సు అంకెలును ఒకే చోట ఉండవలెను. ఇంటిలో పెద్దవారు లేని వేళ పదియేండ్ల పిల్లవాడైనను వానిని చదివి నదియొక్క మట్టము తెలిసికొనగలుగవలెను.